మీట నొక్కిన తరువాత
(ప్రసంగ పాఠము)

గత వేసవిలో మా ఇంటి అటక మీది ట్రంకుపెట్టెను దింపి సర్దుతుండగా, పట్టుచీరెల అడుగున, కలరా ఉండల వాసన పట్టిన ఒక చిన్న అట్టపెట్టె దొరికినది. అరచేతిలో ఇమిడేటంతటిది. పసుపుపచ్చని అట్ట తొడుగు, దాని నడుమ చిన్న ప్లాస్టిక్ కటకము, పైన ఒక మీట, మీట పక్కన 9 అనే అంకె. అది కెమేరా. అమెరికాలో స్థిరపడిన మా పెదనాన్నగారి అబ్బాయి 2003లో మా అక్క పెళ్లికి వచ్చినప్పుడు ఇటువంటివి నాలుగు తెచ్చినాడు. ఒకసారి వాడి పారవేసే కెమేరాలని వాటికి పేరు. మూడింటిని ఆ వారములోనే కడిగించినాము. నాలుగవది సగములో ఆగి పెట్టె అడుగున పడినది. 27 బొమ్మలలో 18 తీసినట్లు, 9 మిగిలినట్లు ఆ అంకె చెప్పుతున్నది.

ఆ 18 బొమ్మలూ తీసినది మా నాయనమ్మ. జీవితములో అంతకుముందు ఆమె కెమేరాను చేత పట్టి ఎరుగదు. పెళ్లి మూడు రోజులూ పందిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్న ఆమె చేతికి మా అన్నయ్య దీనిని ఇచ్చి, "నాయనమ్మా, ఈ మీట నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది" అన్నాడు. ఆమె 2005లో కాలము చేసినది. పెట్టె తెరిచిన రోజు సాయంకాలమే ఆ కెమేరాను సంచిలో వేసుకొని నేను బజారుకు బయలుదేరినాను.

మొదటి స్టూడియోలో ఉన్న కుర్రవాడు దానిని అటూ ఇటూ త్రిప్పి చూచి, మెమరీ కార్డు ఎక్కడ పెట్టుతారని అడిగినాడు. చెప్పిన మీదట, పగులగొట్టి చూతమని స్క్రూడ్రైవరు తీసినాడు. నేను చేయి పట్టుకొని ఆపినాను. రెండవ చోట, ఒకప్పుడు గంటలో ఫోటోలు ఇచ్చేవారమని బోర్డు కట్టుకొన్న కలర్ ల్యాబ్‌లో, రీలు కడిగే యంత్రమును తూకమునకు అమ్మి పది సంవత్సరములు దాటినదన్నారు. మూడవవారు పెద్దవారు, నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఈ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల జిల్లాలలో కూడ ఎవరూ కడగరని నిదానముగా చెప్పినారు. "మా చీకటిగది ట్రేలలో ఇప్పుడు మేడ మీద పావురాలకు నీళ్లు పోస్తున్నామండీ" అన్నారు.

నూట ముప్పది సంవత్సరములకు పైగా కెమేరాలు అమ్మేవారు జనమునకు ఇచ్చుచు వచ్చిన మాట ఒకటి ఉన్నది. మీట నొక్కుట మీ వంతు, మిగిలినది మా వంతు అని. మా అన్నయ్య నాయనమ్మతో అన్నదీ ఆ మాటయే. ఆ మిగిలిన పని ఏమిటి, అది ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతికి మారినది, చివరకు ఎవరూ లేకుండా ఎట్లా పోయినది అన్న కథను ఈ పూట శ్రోతలకు మనవి చేయదలచినాను.

మొదట్లో బొమ్మ తీసేవాడు వేరు, బొమ్మ కడిగేవాడు వేరు అనే మాటకు అర్థమే లేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆంగ్లేయుడు వెల్లడించిన కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు అప్పటికప్పుడు రసాయనము పూయవలెను; అది తడిగా ఉండగానే కెమేరాలో పెట్టి బొమ్మ తీయవలెను; తడి ఆరకముందే చీకటిలో కడగవలెను. అంతా కలిసి పది పదిహేను నిమిషముల వ్యవహారము. అందువల్ల ఛాయాచిత్రకారుడు ఎక్కడికి పోయినా అతని వెంట ఒక గుడారము, సీసాలు, నీళ్ల కుండలు, పలకల పెట్టెలు, వాటిని మోసే కూలీలు, బండ్లు పోవలసినదే. 1880లలో సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్, తడి పలకల కాలము నుంచి పొడి పలకల కాలములోనికి నడచివచ్చిన తరమువాడు. ఆ తరములో బొమ్మ పాడైనచో అందుకు తీసినవాడే బాధ్యుడు. చేతులకు అంటిన వెండి ఉప్పు మరక ఆ వృత్తికి గుర్తు.

1871లో రిచర్డ్ మాడాక్స్ అనే వైద్యుడు జెలటిన్‌తో చేసే పొడి పలక పద్ధతిని సూచించినాడు. పదేండ్లు తిరిగేసరికి పొడి పలకలు కార్ఖానాలలో తయారై అంగడికి వచ్చినవి. పొడి పలక మీద తీసిన బొమ్మను ఆ నిమిషముననే కడగనక్కరలేదు. ఇంటికి తెచ్చి కడగవచ్చును, వారమునకు కడగవచ్చును. బొమ్మ తీయుటకూ కడుగుటకూ నడుమ ఎడము వచ్చినది అప్పుడే. అది గొప్ప సదుపాయమే. అయితే నాకు ఎదురైన చిక్కంతా పుట్టినది కూడ ఆ ఎడములోనే.

ఆ ఎడములో పలక మీద ఏమి ఉన్నట్లు? కంటికి ఏమీ కనపడదు. వెండి లవణపు సన్నని స్ఫటికముల మీద వెలుతురు పడినచోట, ఒక్కొక్క స్ఫటికములో కొద్ది వెండి పరమాణువులు మాత్రము విడివడి గుంపు కట్టి ఉండును. అంతే బొమ్మ. డెవలపరులో ముంచినప్పుడు, ఆ గుంపు ఉన్న స్ఫటికము మొత్తము వెండిగా మారి, ఉన్న గుర్తు కోట్ల రెట్లు పెరిగి కంటికి కనపడును. అంతవరకూ అది దాగి ఉన్న బొమ్మ. వేడికి, తేమకు, కాలమునకు ఆ కొద్ది పరమాణువులు చెదరిపోవచ్చును. వెలుతురు తగలని స్ఫటికములు కూడ తమంత తామే నల్లబడవచ్చును. మా ట్రంకుపెట్టె పెంకుటింటి అటక మీద ఇరువదికి పైగా కోస్తా వేసవులు గడిపినదని మనవి చేస్తే, శ్రోతలకు సంగతి బోధపడును.

1888లో అమెరికాలోని రోచెస్టరు పట్టణమునుంచి జార్జి ఈస్ట్‌మన్ కోడక్ అనే పేరుతో ఒక చిన్న పెట్టె కెమేరాను అంగడికి తెచ్చినాడు. వెల 25 డాలర్లు. లోపల 100 బొమ్మలకు సరిపడే చుట్ట ముందే అమర్చి ఉండును. తాడు లాగుట, మీట నొక్కుట, చుట్ట త్రిప్పుట: కొన్నవాడు చేయవలసినవి ఈ మూడే. 100 అయిన తరువాత కెమేరాను కెమేరాగానే రోచెస్టరునకు పంపవలెను. అక్కడ దానిని విప్పి, కడిగి, గుండ్రని బొమ్మలు అచ్చువేసి, కొత్త చుట్ట పెట్టి తిరిగి పంపుదురు. అందుకు 10 డాలర్లు. మీట మీది, మిగిలినది మాది అన్న ప్రకటన అప్పటిదే.

దీనిని జనమునకు చేసిన ఉపకారమని చరిత్రలు వ్రాయుచున్నవి. ఉపకారమే కాని, అందులో అవసరము కూడ ఉన్నది. ఆ మొదటి చుట్ట సెల్యులాయిడ్ కాదు, కాగితము. కాగితము మీది జెలటిన్ పొరను కడిగిన తరువాత మెల్లగా ఒలిచి వేరొక పారదర్శకమైన ఆధారము మీదికి ఎక్కించవలెను. చేయి తిరగనివాడు ముట్టుకొంటే పొర చినిగిపోవును. కాబట్టి ఆ కెమేరా కొన్నవారికి దానిని వెనుకకు పంపుట తప్ప వేరు దారి లేదు. మరుసటి సంవత్సరమే పారదర్శకమైన ఫిలిము వచ్చి, ఇంటిలోనే కడుగుకొనే వీలు కలిగినది. అయినప్పటికీ అత్యధికులు కడుగుకొనలేదు. 1900లో ఒక డాలరు వెలతో బ్రౌనీ కెమేరా వచ్చి పిల్లల చేతులలోనికి కూడ పోయిన తరువాత, చీకటిగది అనేది బొమ్మ తీసేవారిలో నూటికి తొంబదిమంది ఎన్నడూ చూడని చోటైపోయినది. వంట మరచిన ఇల్లు పూటకూళ్లమ్మ మీద ఆధారపడినట్లు, కెమేరా ఉన్న ప్రతి ఇల్లు ఎక్కడో ఒక కడిగేవాని మీద ఆధారపడినది.

ఆ కడిగేవాడు ఎంత కాలము ఆలస్యముగా దొరకినా బొమ్మ నిలుచునా? దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. 1897 జులై 11న సాలమన్ ఆగస్ట్ ఆంద్రే అనే స్వీడన్ దేశస్థుడు ఇద్దరు సహచరులతో ఉత్తర ధ్రువమును చేరవలెనని పొగగూడు వంటి హైడ్రోజన్ బెలూన్ ఎక్కినాడు. మూడు రోజులకే బెలూన్ మంచు మీద కూలినది. ముగ్గురూ నెలల తరబడి మంచు మీద నడచి, క్విటోయా అనే నిర్జన ద్వీపమునకు చేరి, అక్కడ చనిపోయినారు. వారి గతి ఏమైనదో 33 సంవత్సరముల పాటు లోకమునకు తెలియలేదు. 1930లో నార్వే ఓడలు ఆ దీవికి పోయినప్పుడు వారి శరీరములు, దినచర్యలు, వాటితో పాటు కడగని ఫిలిములు దొరకినవి. బొమ్మలు తీసినవాడు నిల్స్ స్ట్రిండ్‌బెర్గ్ అనే యువకుడు. స్టాక్‌హోమ్‌లోని సాంకేతిక విద్యాలయములో జాన్ హెర్ట్జ్‌బెర్గ్ అనే నిపుణుడు, తడిసి మెత్తబడిన ఆ చుట్టలను అతి జాగ్రత్తతో కడిగి, 240 బొమ్మలలో 93 దక్కించినాడు. కూలిపడిన బెలూన్ ముందు ఇద్దరు మనుషులు నిలబడి చూస్తున్న బొమ్మ వాటిలోనిదే. తీసినవాడు దానిని చూడలేదు. తీసిన 33 ఏండ్లకు ఇతరులు చూచినారు.

అటువంటిదే ఇంకొక ఫిలిము కోసము లోకము నేటికీ ఎదురుచూచుచున్నది. 1924లో ఎవరెస్టు శిఖరము దాపున మాయమైన మాలరీ, ఇర్విన్‌ల దగ్గర ఒక చిన్న కోడక్ కెమేరా ఉండెనని ప్రతీతి. 1999లో మాలరీ శరీరము దొరకినది, కెమేరా దొరకలేదు. 2024లో ఇర్విన్ బూటు, అందులో పాదము, పేరు కుట్టిన మేజోడు దొరకినవి, కెమేరా దొరకలేదు. మంచులో ఉన్నది కనుక ఫిలిము నిలిచి ఉండవచ్చునని ఆశ. మంచుకు ఉన్న ఆ గుణము మా అటకకు లేదు.

ఇక్కడ ఒక మాట. కడిగేవాడు ఒక్కడే అయినప్పుడు ఏమగునో కోడాక్రోమ్ కథ చెప్పుచున్నది. 1935లో వచ్చిన ఈ రంగుల ఫిలిమును కనిపెట్టినవారు లియొపోల్డ్ మానెస్, లియొపోల్డ్ గొడౌస్కీ అనే ఇద్దరు సంగీత విద్వాంసులు. ఒకరు పియానో, ఒకరు వయొలిన్. గడియారము కనపడని చీకటిగదిలో బ్రామ్స్ స్వరరచనను ఈల వేస్తూ కాలము కొలిచేవారట. రేడియోలో పనిచేసేవాడికి ఈ సంగతి వదలబుద్ధి కాదు. ఆ ఫిలిములో రంగులు ఉండవు. కడిగేటప్పుడు ఒక్కొక్క పొరకు ఒక్కొక్క రంగును చేర్చవలెను. అది ఇంటిలో కాని చిన్న దుకాణములో కాని అయ్యే పని కాదు. అమెరికాలో ఆ ఫిలిమును కోడక్ వారే అమ్మి, కడుగు కూలిని కూడ వెలలోనే కలిపి పుచ్చుకొనేవారు. 1954లో అక్కడి ప్రభుత్వము న్యాయస్థానము ద్వారా ఆ ముడిని విప్పించినది. ఇతరులు కూడ కడగనారంభించినారు. తరువాత కాలము మారి, ఒక్కొక్కరే మానుకొని, ప్రపంచము మొత్తము మీద కాన్సాస్ రాష్ట్రములోని పార్సన్స్ అనే చిన్న ఊరిలో ఒక్క ల్యాబ్ మిగిలినది. 2010 డిసెంబరు 30న అదీ రీళ్లు తీసుకొనుట ఆపివేసినది. ఆ రోజునకు చేరని కోడాక్రోమ్ రీలు ఎవరి పెట్టెలోనైనా ఉన్నచో, దానిని నలుపు తెలుపులలో కడగవచ్చును కాని రంగులు ఇక రావు.

ఇక మా అట్ట కెమేరా పుట్టుక. ఈ ఊహ కొత్తది కాదు. 1949లోనే అమెరికాలో ఫోటో-ప్యాక్ అనే అట్ట కెమేరాను ఒక డాలరు 29 సెంట్లకు అమ్మినారు. ఎనిమిది బొమ్మలు తీసి టపాలో పంపవలెను. అది నిలువలేదు. 1986 జులైలో జపాను దేశపు ఫుజీ కంపెనీ 1,380 యెన్‌లకు మరల ఆ ఊహను ప్రాణము పోసి నిలిపినది. వారు దానిని కెమేరా అనలేదు. కటకము తగిలించిన ఫిలిము అన్నారు. ఆ పేరులో నిజమున్నది. కొన్నది రీలు, పెట్టె దాని చుట్టు తొడుగు. మరుసటి సంవత్సరము కోడక్ వారూ వచ్చినారు. విహారయాత్రలకు, సముద్రతీరములకు, పెళ్లి విందు బల్లల మీదికి అవి లక్షల సంఖ్యలో పోయినవి. మన దేశములో ఇవి అంతగా చెల్లలేదు. ఇక్కడ కెమేరా పారవేసే వస్తువు కాదు, రీలే బరువు. 36 బొమ్మల రీలును సంక్రాంతికి పెట్టి, ఉగాదికి సగము చేసి, దసరాకు కడిగించిన ఇండ్లు నేను చాలా ఎరుగుదును. కాబట్టి మన ఇండ్లకు ఇవి ఎక్కువగా విదేశముల నుంచి వచ్చే బంధువుల పెట్టెలలోనే చేరినవి.

పెట్టె లోపలి అమరిక ముచ్చటైనది. మామూలు కెమేరాలో రీలు డబ్బీలోనుంచి బయటికి వచ్చుచు బొమ్మలు పడును. చివరకు మొత్తము వెనుకకు చుట్టవలెను. దీనిలో కార్ఖానాలోనే రీలునంతటినీ డబ్బీ నుంచి బయటికి తీసి వేరొక కండె మీద చుట్టి ఉంచుదురు. ఒక్కొక్క బొమ్మ తీసి చక్రము త్రిప్పినప్పుడల్లా, తీసిన భాగము డబ్బీలోనికి పోయి దాగును. కడపటి బొమ్మతో రీలు అంతయూ డబ్బీలో భద్రముగా ఉండును. కడిగేవాడు అడుగు మూత విరిచి డబ్బీని పట్టపగలే బయటికి తీయవచ్చును. అంటే, నేను చేయి పట్టుకొని ఆపిన ఆ కుర్రవాడు స్క్రూడ్రైవరుతో పగులగొట్టి ఉన్నా, పాడయ్యేవి తీయని తొమ్మిది బొమ్మలే. ఈ సంగతి నాకు తరువాత తెలిసినది. అతని మీద కసురుకొన్నందుకు సిగ్గుపడినాను. అతనికి పొంచి ఉన్న ప్రమాదము వేరు: ఫ్లాష్ ఉన్న రకములో మూడు వందల వోల్టుల విద్యుత్తును నిలువ ఉంచే కెపాసిటరు ఉండును. కొత్త బ్యాటరీ మీద ఉన్నదానిని విప్పి ల్యాబ్ పనివారు దెబ్బతిన్న సందర్భములు కలవు. మరొక విశేషము: చూచే కిటికీ వేరు, కటకము వేరు. కటకమునకు ఏమి అడ్డము వచ్చినా చూచే కంటికి తెలియదు.

పారవేసే కెమేరా అన్న పేరే గాని, నిజమునకు దానిని ఎవరూ పారవేయలేదు. కడిగేవారు రీలు తీసుకొని ఖాళీ పెట్టెలను మూటగట్టి తిరిగి అమ్మేవారు. కంపెనీలు వాటిని సేకరించి కరిగించి, భాగములు తీసి మరల వాడేవి. కొందరు వర్తకులు ఆ పెట్టెలనే కొని, చైనా మొదలైన చోట్ల కొత్త రీలు ఎక్కించి అమ్మగా, ఫుజీవారు 1998లో వ్యాజ్యము వేసినారు. ఒకసారి వాడమని అమ్మిన దానిని రెండవసారి నింపుట మరమ్మతా, కొత్త తయారీయా అన్నది తగవు. మొదటి అమ్మకము అమెరికాలో జరిగిన పెట్టెల విషయములో అది మరమ్మతే అని 2001లో అక్కడి పై న్యాయస్థానము తీర్పు చెప్పినది. పెట్టె కోసము ఇంత పెద్ద తగవు పడినవారు ఉన్నారు.

ఈ కెమేరాలకు ప్రాణము ఊరూర వెలసిన కలర్ ల్యాబ్. 1972లో రంగుల నెగెటివ్‌లకు సి-41 అనే ఒకే పద్ధతి స్థిరపడినది. ఏ కంపెనీ రీలైనా ఆ ఒక్క పద్ధతిలో కడగవచ్చును. 1970ల చివరి నుంచి జపాను యంత్రములు ఆ పనినంతటినీ ఒక గదిలో ఇమిడ్చినవి. మన పట్టణములలో 1990లలో బస్టాండు వీధిలో అద్దాల తలుపు, చల్లని గాలి, పసుపుపచ్చని లేక ఆకుపచ్చని బోర్డు ఉన్న దుకాణము కలర్ ల్యాబే. ఉదకమండలములో 1960లో భారత ప్రభుత్వము నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' నలుపు తెలుపు రీళ్లు వాడిన పాత స్టూడియోలవారు కూడ చీకటిగదులు మూసి, రంగుల రీళ్లను ఈ ల్యాబులకు పంపనారంభించినారు. కడిగే విద్య చేతి నుంచి యంత్రమునకు మారినది అక్కడనే.

ఆ యంత్రము ఎట్లా చచ్చినదో శ్రోతలు తెలుసుకొనదగినది. అది చెడి చావలేదు. డెవలపరును ఇంచుమించు 38 డిగ్రీల వేడి వద్ద, పావు డిగ్రీ కూడ అటూ ఇటూ కాకుండా ఉంచవలెను. రీలు పోయినకొద్దీ రసాయనము శక్తి తగ్గును. ఎన్ని రీళ్లు పోయినవో లెక్క చూచి యంత్రమే కొత్త రసాయనమును చేర్చుచుండును. రోజుకు ఇన్ని రీళ్లు తప్పక వచ్చునన్న నమ్మకము మీద ఆ లెక్క నడచును. రీళ్లు రాకపోతే తొట్టిలోని డెవలపరు గాలి తగిలి గోధుమరంగుకు తిరిగి పాడగును. వారమునకు రెండు రీళ్ల కోసము తొట్టెడు రసాయనమును పారబోయవలెను. పాడైన దానిలోనే కడిగితే రంగులు చెడును. రంగులు చెడితే ఉన్న గిరాకీ కూడ పోవును. 2000 తరువాత డిజిటల్ కెమేరాలు, వాటి వెంట ఫోనులు వచ్చి రీళ్లు తగ్గినప్పుడు ల్యాబులు ఈ లెక్క వల్ల మూతబడినవి. 2012 జనవరిలో కోడక్ కంపెనీయే దివాలా రక్షణ కోరినది.

విచిత్రమేమనగా, అట్ట కెమేరా చావలేదు. ఇటీవలి సంవత్సరములలో విదేశములలోనే కాక మన మహానగరములలో కూడ యువజనులు వాటిని కొని, ఏమి పడినదో తెలియని ఉత్కంఠ కోసమే బొమ్మలు తీయుచున్నారు. కెమేరా కొనుట తేలిక, ఇంటికి వచ్చును. కడిగించుటకు మాత్రము టపాలో దూర నగరమునకు పంపి వారములు వేచి ఉండవలెను. అమెరికాలోని కొన్ని పెద్ద దుకాణములు స్కాన్ చేసిన ప్రతిని, కాగితపు బొమ్మలను ఇచ్చి నెగెటివ్‌ను మాత్రము తిరిగి ఇచ్చుటలేదు. 1888లో కూడ నెగెటివ్‌లు తిరిగి వచ్చేవి. విమానములో తీసుకొనిపోతమంటే, విమానాశ్రయములలో కొత్తగా పెట్టిన సి.టి. యంత్రములు కడగని ఫిలిమును ఒక్కసారిలోనే మసకబార్చగలవని ఫిలిము కంపెనీలే హెచ్చరించుచున్నవి.

మా వృత్తిలోనూ ఈ బాధ ఉన్నది. టేపుల గదిలో స్పూలు చేత పట్టుకొంటే అందులో పెద్దల కంఠమున్నదని చీటీ చెప్పును. త్రిప్పే యంత్రము పనిచేయకపోతే అది గోధుమరంగు పట్టీ. ఐనా స్పూలు మీది ధ్వని ఒకసారి స్థిరపడినదే. కడగని రీలు మీది బొమ్మ ఇంకా పుట్టలేదు.

నా రీలును చివరకు ముంబయిలోని ఒక ల్యాబునకు పంపినాను. పంపేముందు వారికి ఉత్తరము వ్రాసి ఏండ్లూ, అటక సంగతీ దాచకుండా చెప్పినాను. రంగులు మారును, మసక తప్పదు, ఏమీ రాకపోవచ్చును, అందుకు ఒప్పుకొంటేనే కడుగుదుమన్నారు. ఒప్పుకొన్నాను. ఆరు వారములకు నెగెటివ్‌ల చుట్ట, దానితో పాటు బొమ్మలు వచ్చినవి. 18లో 13 వట్టి బూడిదరంగు మబ్బు. ఐదింటిలో మనుషులున్నారు.

పెళ్లికి పట్టణములోని మంచి స్టూడియోవారు తీసిన ఆల్బమ్ మా ఇంటిలో ఉన్నది. అందులో అందరూ నిలబడి కెమేరాను చూచుచున్నారు. నాయనమ్మ రెండు బొమ్మలలో, గుంపు అంచున ఉన్నది. ఈ ఐదింటిలో ఆమె లేదు. కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తునుంచి తీసినవి కనుక, అన్నిటిలోనూ ఎవరో ఒకరు వంగుచున్నారు. ఒకదానిలో మా నాన్నగారు ఆకు వక్క పళ్లెము పట్టుకొని వంగి ఏదో అడుగుచున్నారు. ఆయన అంత చిన్నవారుగా మరే బొమ్మలోనూ కనపడలేదు. ఒకదానిలో అక్క కాళ్లకు దణ్ణము పెట్టబోవుచు తల ఎత్తి నవ్వుచున్నది. మెడలో మంగళసూత్రపు పసుపుతాడు ఊదారంగుకు తిరిగినది.

ఆ చివరి బొమ్మ కుడి మూలలో ఎర్రని మసక ఒకటి, మూడవ వంతు వరకూ అడ్డము వచ్చినది. ల్యాబ్‌వారు దానిని లోపముగా గుర్తించి, కత్తిరించి పెద్దది చేసి పంపుమంటారా అని అడిగినారు. అది కటకము మీదికి వచ్చిన వ్రేలు. కత్తిరించవద్దని వ్రాసినాను.